పొద్దు పొడిచింది, సూర్యుడు ఉదయించాడు

ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలప్పుడు కోనసీమలో సగం రోడ్డు ధాన్యానిదే. అంబాజీపేట దాటి నందంపూడి వైపు వెళ్తుంటే అన్నీ కొబ్బరి తోటలే. కాస్త నీడ పడని చోటు దొరికితే చాలు, బరకం పరిచి ధాన్యం ఆరబోస్తారు. అలాంటి చోట ఒకసారి బండి ఆపాను. అరవై దాటిన కౌలు రైతు ఒకాయన పంచె ఎగ్గట్టి, ఉత్త కాళ్లతో ధాన్యంలో చాళ్లు తీస్తూ నడుస్తున్నారు. అడుగు గింజ పైకి రావాలి, పైన కాగిన గింజ అడుక్కి పోవాలి. వంగి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికారు. టక్కుమనలేదు.

"ఎండ చాల్లేదండి. తేమ పదిహేడు శాతం దాటితే తీసుకోరు కదండి. పొద్దు వాలేలోపు ఇంకో రెండుసార్లు తిరగెయ్యాలండి, ఆయ్" అన్నారు. ఇంతలో పడమట ఒక మబ్బు తునక కనిపించింది. ఆయన నడక ఆపి, చేతులు జోడించి, "సూర్యనారాయణమూర్తీ, ఈ ఒక్క పూటకీ నిలబడు స్వామీ" అన్నారు.

రెండు నిమిషాల్లో మూడు మాటలు వచ్చాయి: ఎండ, పొద్దు, సూర్యుడు. ఆకాశంలో ఉన్నది ఒక్కటే. అయినా ఈ మూడు మాటల్లో ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూడండి, కుదరదు. సూర్యుడు చాల్లేదు అనం. ఎండకి దండం పెట్టం. సంక్రాంతి తేదీ ఎందుకు మారుతోంది, ఆదివారంలో ఆది ఏమిటి, ఏడు గుర్రాలంటే ఏడు రంగులేనా, రాజులు సూర్యవంశమని, చంద్రవంశమని ఎందుకు చెప్పుకున్నారు? ఇలాంటి ప్రశ్నలకు దొరికే జవాబుల్లో చాలా గందరగోళం ఉంది. ఆ గందరగోళం చాలావరకు ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చిందే అని నా నమ్మకం. అందుకే ముందు మాటల దగ్గర మొదలుపెడతాను.

పొద్దు అంటే గడియారం

పొద్దు మన సొంత మాట. పాత రూపం ప్రొద్దు. తమిళంలో పొళుదు, పాత కన్నడంలో పొళ్తు, ఇప్పటి కన్నడంలో హొత్తు, ఇవన్నీ ఒకే కడుపున పుట్టిన మాటలు. అక్కడ వీటికి కాలం, వేళ అనే అర్థం బలంగా ఉంది. తెలుగులో మాత్రం సూర్యబింబమూ పొద్దే, కాలమూ పొద్దే. పొద్దున్నే లేస్తాం. పొద్దెక్కాక పొలం నుంచి వస్తాం. పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాం. ఎవరైనా రాత్రి ఆలస్యంగా వస్తే "బాగా పొద్దుపోయాక వచ్చాడు" అంటాం. పని లేక విసుగొస్తే "పొద్దుపోవట్లేదు" అంటాం. చివరి రెండు మాటల్లోనూ క్రియ ఒకటే, పోవడం. మొదటి దాంట్లో పోయింది సూర్యుడు, రెండో దాంట్లో పోనిది కాలం. తెలుగువాడు ఈ తేడా గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించడు, ఎందుకంటే గోడ గడియారం రాకముందు ఆ రెండూ నిజంగానే ఒక్కటి.

దిక్కు కూడా ఇందులోంచే పుట్టింది. పడమర అంటే పొద్దు పడే వైపు. పడు అనే ధాతువే అందులో ఉంది. కన్నడంలో పడువణ అన్నదీ ఇదే.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది వ్యాకరణం. "పొద్దు పొడిచింది" అంటాం, "సూర్యుడు ఉదయించాడు" అంటాం. ఒకే వస్తువు, ఒకే ఘటన. కానీ పొద్దు అన్నప్పుడు అది ఒక వస్తువు, చుక్క పొడిచినట్టు, మొలక వచ్చినట్టు. సూర్యుడు అనగానే వెనక ఒక డు చేరి మగమనిషి అయ్యాడు, క్రియ కూడా వచ్చాడు, పోయాడు అన్నట్టు మారిపోయింది. "సూర్యుడు పొడిచాడు" అని చూడండి, ఎవరినో కత్తితో పొడిచినట్టు వినిపిస్తుంది. మన నోట్లో ఈ గీత అంత స్పష్టంగా ఉంది.

ఎండ సంగతి వేరు. ఎండు అనే క్రియకు అది దగ్గరి చుట్టం. ఎండుమిరప, ఎండుకొబ్బరి, ఎండబెట్టడం, గొంతెండిపోవడం అన్నీ ఒక కుటుంబం. అంతర్వేది పల్లిపాలెంలో ఇసుక మీద పరిచిన చేపకీ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికీ కావలసింది ఎండ. అది బింబం కాదు, దేవుడూ కాదు, ఒక బలం. అందుకే దాన్ని కొలుస్తాం: నీరెండ, మండుటెండ, చిటపటలాడే ఎండ. ఎండ కాస్తుంది అంటాం. ఈ కాయడం చెట్టు కాయడం కాదు. పాలు కాచడం, చలి కాచుకోవడంలో ఉన్న కాయడం, అంటే వేడెక్కించడం. మరి చల్లటి వెన్నెల ఎలా కాస్తుంది అని అడగొచ్చు. ఎండకు అలవాటైన క్రియని వెన్నెలకూ వాడేశాం, అంతే.

ఈ డెల్టా ఎండకి ఇంకో లెక్క ఉంది. అమలాపురం భూమధ్యరేఖకు సుమారు 16న్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకి ఆ క్షణాన నీడే ఉండదు. ఢిల్లీలో ఇది ఏ రోజూ జరగదు. మనం "నడినెత్తిన పొద్దు" అంటే అందులో అతిశయోక్తి లేదు.

ఇక సూర్యుడు. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట, దీని చుట్టరికాలు చాలా దూరం పోతాయి. గ్రీకు హీలియోస్, లాటిన్ సోల్, లిథువేనియన్ సౌలే, ఇంగ్లీషు సన్, అన్నీ సూర్య అనే మాటకి దాయాదులు. పైకి పోలిక లేనట్టున్నా భాషాశాస్త్రజ్ఞులు ఒక్కో ధ్వని ఎలా మారిందో చూపించి వీటిని ఒకే మూలానికి చేర్చారు. గ్రీకులో పదం మొదటి స అచ్చు ముందు హ అయిపోతుంది. సప్త అక్కడ హెప్త అయినట్టే.

దాయాదులైనా అందరూ మగవాళ్లు కారు. జర్మన్‌లో సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. లిథువేనియన్ సౌలే ఆడది. ఈ కుటుంబం బయటకి వెళ్తే జపాన్ వాళ్ల సూర్యదేవత అమతెరాసు అమ్మవారే. పాత అనతోలియాలో హిట్టైట్లు కొలిచిన అరిన్న సూర్యదేవత కూడా అంతే. సూర్యుడంటే సహజంగా మగ, చంద్రుడంటే ఆడ అని కొందరు రాసేది నిజం కాదు. మనకే చూడండి, చంద్రుడు కూడా మగవాడే. పైగా 27 మంది భార్యలున్నవాడు.

చంద్రుడి క్యాలెండర్‌లో సూర్యుడి పండగ

మన పండగలు దాదాపు అన్నీ తిథిని బట్టి వస్తాయి. తిథి చంద్రుడిది: చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. ఇలా 12 చాంద్రమాసాలు గడిస్తే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాదికి ఇంకా 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికే సుమారు 33 నెలలకోసారి అధికమాసం వేస్తారు. అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలో, ఇంకో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది.

సంక్రాంతి ఒక్కటి ఇందులో ఇమడదు. అది తిథితో రాదు, సూర్యుడు మకరరాశిలోకి అడుగు పెట్టడంతో వస్తుంది. అందుకే ఇంగ్లీషు తేదీకి అంటిపెట్టుకుని ఉంటుంది. అలాగని గోదావరి రైతుకి సూర్యుడి లెక్క ఏడాదికోసారే వస్తుందని అనుకోకండి. కార్తెలన్నీ సూర్యుడివే. 27 నక్షత్రాల మీదుగా సూర్యుడు నడుస్తుంటే ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె. రోళ్లు పగిలే రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది, ముంగిళ్లు చల్లబడే మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, సార్వా, అంటే తొలి పంట నారుమడి ఎప్పుడు పోయాలి అనే ఆలోచనంతా ఈ కార్తెల చుట్టూనే తిరుగుతుంది. గుడి చంద్రుడి లెక్కన నడుస్తుంది, పొలం సూర్యుడి లెక్కన నడుస్తుంది. ఒకే పంచాంగంలో రెండూ పక్కపక్కన అచ్చవుతాయి కాబట్టి మనకు తేడా తెలియదు.

ఇప్పుడు ఏటా వచ్చే తగువు దగ్గరికి వద్దాం. సంక్రాంతి నుంచి ఉత్తరాయణం మొదలు అంటారు. కానీ సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. ఇది పుస్తకం చూసి నమ్మాల్సిన పని కూడా లేదు. అంతర్వేది ఒడ్డున ఒకే చోట నిలబడి ఏడాది పొడవునా సూర్యోదయం చూస్తే, పొద్దు పొడిచే చోటు నికరమైన తూర్పుకి అటూ ఇటూ సుమారు 24 డిగ్రీల దాకా జరగడం కనిపిస్తుంది. డిసెంబర్ మూడో వారంలో దక్షిణపు చివర ఆగి, వెనక్కి తిరుగుతుంది. జనవరి 14 నాటికి అది తిరుగు ప్రయాణంలో మూడు వారాలు దాటిపోయి ఉంటుంది.

మరి పెద్దవాళ్లు తప్పు చెప్పారా? లేదు. భూమి తన ఇరుసు మీద తిరిగే బొంగరం. ఆ ఇరుసు కూడా చాలా నెమ్మదిగా, దాదాపు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు, తూలుతూ తిరుగుతుంది. దాంతో నక్షత్రాలతో పోల్చి లెక్కించే ఏడాది, రుతువులతో లెక్కించే ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ వస్తుంది. ఇరవై నిమిషాలే కదా అనిపిస్తుంది, కానీ 71, 72 ఏళ్లకి అది ఒక రోజు. మన మకర సంక్రమణం నక్షత్రాల లెక్క, ఉత్తరాయణం రుతువుల లెక్క. ఇప్పుడు వాడే లెక్క ప్రకారం సుమారు 1700 ఏళ్ల కిందట ఈ రెండూ ఒకే చోట ఉండేవి. అప్పటి నుంచి రోజు రోజుగా విడిపోతూ ఇప్పటికి 24 రోజుల ఎడం వచ్చింది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న పుట్టారు, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు అదే పండగ 14, 15 తేదీల్లో వస్తోంది. లీపు సంవత్సరాల వల్ల కొన్నేళ్లు 14న, కొన్నేళ్లు 15న వస్తుంది. పంచాంగకర్తల పొరపాటు ఏమీ లేదు. మా వీధిలో దీని మీద ప్రతి భోగికీ టెన్షన్ పడేవాళ్లున్నారు, వాళ్లకి ఈ ఇరవై నిమిషాల సంగతి చెప్పాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను.

ఇదే జరుగుడు కార్తెలకీ వర్తిస్తుంది. కార్తెలు నక్షత్రాలతో పోతాయి, వానలు రుతువులతో వస్తాయి. ఏడెనిమిది వందల ఏళ్ల నాటి రైతు చెప్పిన మృగశిర, ఇప్పటి మృగశిర కంటే ఓ పది రోజులు ముందే వచ్చేది.

ఆదివారం లెక్క త్వరగా తేలుతుంది. ఆది అంటే మొదటిది కాదు. అది ఆదిత్యవారం, వాడుకలో అరిగి ఆదివారం అయింది. తెలంగాణలో ఐతారం అనేది కూడా ఆ ఆదిత్యుడే. తమిళంలో ఞాయిఱు అంటే సూర్యుడు, అదే వాళ్ల ఆదివారం. కన్నడంలో ఆ సూర్యుడి పేరు నేసరు. మరి ఆదిత్యుడి పక్కన సోముడు, తర్వాత కుజుడు ఎందుకొచ్చారు? పాతకాలపు ఖగోళంలో నెమ్మదిగా కదిలే గ్రహం నుంచి వేగంగా కదిలే దాని దాకా వరస ఇది: శని, గురు, కుజ, సూర్య, శుక్ర, బుధ, చంద్ర. రోజులో ఒక్కో గంటకి, అంటే హోరకి, ఒక్కొక్కరు అధిపతి. సూర్యుడితో మొదలైన రోజులో 24 హోరలు వరసగా పంచితే 25వ హోర, అంటే మర్నాటి మొదటి హోర, చంద్రుడికి పడుతుంది. ఆ మర్నాడు కుజుడికి. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, వారం మొత్తం ఇలాగే వస్తుంది. హోర అన్నదే గ్రీకు మాట. వారాల లెక్క ఆ జ్యోతిషంతో పాటు పడమటి నుంచి మన దేశానికి వచ్చింది. మన దేశంలో వారం పేరుతో తేదీ వేసిన మొదటి శాసనాల్లో ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉంది, క్రీ.శ. 484 నాటిది. సండే, ఆదివారం ఒకే రోజు కావడం కాకతాళీయం కాదు.

కశ్యపుడి పాయ, వినత కొడుకు ఏరు

పురాణంలో సూర్యుడు ఒక్కడు కాదు. ఋగ్వేదంలోనే కనిపించే బింబం సూర్యుడు, లేపి పనికి పురమాయించే శక్తి సవిత, దారి చూపేవాడు పూషుడు, మాట నిలబెట్టేవాడు మిత్రుడు, మెరిసేవాడు వివస్వంతుడు. రోజూ జపించే గాయత్రి మంత్రం సవితకి చెప్పింది. మిత్రుడు ఇరానీయులకు మిథ్ర అయ్యాడు. పొద్దు, ఎండ, సూర్యుడు అని మనం మూడు ముక్కలు చేసుకున్నట్టే వేదకవులు కూడా ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టారు. తర్వాతి పురాణాలు వాళ్లందర్నీ కశ్యపుడికీ అదితికీ పుట్టిన ఆదిత్యుల్ని చేశాయి.

ఈ కుటుంబం డెల్టా మ్యాపు మీదే ఉంది. గోదావరి ఏడు పాయల్ని ఏడుగురు ఋషులు తెచ్చారని కదా స్థలపురాణం. గౌతమి, వసిష్ఠ, కౌశిక, భారద్వాజ, ఆత్రేయ వగైరా. వాటిలో తుల్యభాగ కశ్యపుడి పాయ. ఇప్పుడది చాలాచోట్ల మురుగుకాలువలా మిగిలిపోయింది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ తుల్యభాగ ఒడ్డునే గొల్లల మామిడాడలో సుమారు వందేళ్ల నాటి సూర్యనారాయణస్వామి గుడి ఉంది. తండ్రి పేరున్న ఏటి గట్టు మీద కొడుకు గుడి. కావాలని కట్టారో, అలా కుదిరిందో గానీ అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతే మెదులుతుంది.

పి.గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి చీలే పాయ వైనతేయ. వైనతేయుడంటే గరుత్మంతుడని అందరికీ తెలుసు. అసలు అర్థం వినత కొడుకు. వినతకి ఇద్దరు కొడుకులు. తొందరపడి పగలగొట్టిన గుడ్డులోంచి తొడలు ఏర్పడకుండానే పుట్టిన పెద్దవాడు అరుణుడు, సూర్యుడి సారథి. తెల్లవారుజామున బింబం కంటే ముందు వచ్చే ఎర్రటి వెలుగు అతనే. కాళ్లు లేవు, అందుకే నిలబడడు, బింబం రాగానే కరిగిపోతాడు. ఉషస్సుని ఇంతకంటే బాగా చూసినవాళ్లు ఎవరున్నారు? ఓడలరేవు వైపు వైనతేయ మీద తెల్లవారడం చూస్తే ఆ కథ ఎవరు అల్లారో గానీ ఏటి ఒడ్డున కూర్చునే అల్లి ఉంటారనిపిస్తుంది.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి తొలి పూజ చేసింది సూర్యుడే అని స్థలపురాణం. భీమవరం సోమారామంలో లింగాన్ని చంద్రుడు ప్రతిష్ఠించాడంటారు. పంచారామాల్లోనూ సూర్యచంద్రులు వాటా పంచుకున్నారు.

ఏడు గుర్రాల దగ్గర కాస్త ఆగాలి. ఏడు గుర్రాలంటే ఇంద్రధనుస్సులో ఏడు రంగులే, మనవాళ్లు న్యూటన్ కంటే ముందే కనిపెట్టారు అని ఫోన్లలో తిరుగుతుంటుంది. ఇది పురాణానికి మేలు చేసే మాట కాదు. ఆ గుర్రాలేమిటో విష్ణుపురాణం తనే చెప్పింది: గాయత్రి, బృహతి, ఉష్ణిక్, జగతి, త్రిష్టుప్, అనుష్టుప్, పంక్తి అనే ఏడు ఛందస్సులు. అంటే సూర్యుడి రథాన్ని లాగేది పద్యం. మాటలకి లయ ఉన్నట్టే రోజులకీ లయ ఉంది, రెండూ ఒకే బండికి కట్టారు. ఇంత అందమైన ఊహని వదిలేసి రంగుల లెక్క దేనికి?

సూర్యుడి విగ్రహంలో ఒక వింత ఉంది. ఉత్తరాది పాత విగ్రహాల్లో ఆయన కాళ్లకి మోకాళ్ల దాకా బూట్లు ఉంటాయి. వేరే దేవుళ్లకి సాధారణంగా ఉండవు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు సూర్యుడికి ఉత్తరదేశపు వేషం వేయాలని రాశాడు. సూర్యపూజకి మగులనే పూజారులు తగినవాళ్లన్నాడు. ఆ మగులు ఇరాన్ వైపు నుంచి వచ్చినవాళ్లు. శకులు, కుషాణుల కాలంలో ఆ చలిదేశపు దుస్తులు దేవుడికి పట్టుకున్నాయి. దక్షిణాదికి వచ్చేసరికి బూట్లు పోయాయి. మన వైపు సూర్యుడు రెండు చేతుల్లో తామరలు భుజాల ఎత్తున పట్టుకుని, ఉత్త కాళ్లతో నిలబడతాడు. ధాన్యం తిరగేసే రైతులాగే.

మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి నాడు మా ఇళ్లల్లో జరిగేది చెప్తాను. తెల్లవారుజామున ఏడు జిల్లేడాకులు, రేగిపళ్లు తల మీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేస్తాం. జిల్లేడే ఎందుకంటే సంస్కృతంలో అర్క అనే మాటకి జిల్లేడు, సూర్యుడు రెండూ అర్థాలు. తర్వాత వాకిట్లో, ఎండ తగిలే చోట, సంక్రాంతి గొబ్బెమ్మలతో చేసి దాచిన పిడకలు రాజేసి పాలు పొంగిస్తారు. కొత్తబియ్యం, బెల్లంతో పరమాన్నం. పొగకి కళ్లు మండుతుంటే పక్కన పిల్లలు చిక్కుడుకాయలతో రథం కడతారు. కొబ్బరీనెలు రెండుగా విరిచి, ముదురు కాయల్ని అడ్డంగా గుచ్చి, నాలుగు మూలలా నిలబెడితే రథం. లేత కాయైతే ఈనె గుచ్చగానే చీలిపోతుంది, అందుకే అమ్మ ముందురోజే పాదు వెతికి ముదురువి ఏరి పెట్టేది. పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టి నైవేద్యం. ఇందులో తిథి చంద్రుడిది, దేవుడు సూర్యుడు, పాలు కాగేది ఎండ తగిలే వాకిట్లో. మూడూ కలిసే రోజు అదొక్కటే అనుకుంటాను. ఆ రోజే అంతర్వేది నరసింహస్వామి కల్యాణోత్సవాలు మొదలవుతాయి.

రాజులకి సూర్యుడెందుకు

సంస్కృతంలో కరం అంటే చెయ్యి, కిరణం, పన్ను. మూడూ చాచి తీసుకునేవే. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టు రాజు అఖెనాతెన్ మిగతా దేవుళ్లని పక్కనపెట్టి ఆతెన్ అనే సూర్యబింబాన్నే కొలిచాడు. అతని కాలపు చెక్కడాల్లో బింబం నుంచి దిగే ప్రతి కిరణం చివర ఒక చిన్న చెయ్యి ఉంటుంది. మన కరానికీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, చూసే కళ్లు ఒకటే. ఆ చేతులు రాజుకీ రాణికీ మాత్రమే ప్రాణం అందిస్తాయి, జనానికి కాదు. సూర్యుడు రాజులకి ఎందుకు కావాలో ఆ బొమ్మ ఒక్కటి చాలు.

మన దగ్గరికి వస్తే, క్రీ.శ. నాలుగు, ఐదు శతాబ్దాల్లో వేంగిని ఏలిన సాలంకాయనులు తమ తామ్రశాసనాల్లో తాము చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకున్నారు. చిత్రరథుడంటే చిత్రవర్ణాల రథం ఉన్నవాడు, సూర్యుడే అని చరిత్రకారులు గుర్తించారు. వాళ్ల వేంగి ఏలూరు దగ్గరి ఇప్పటి పెదవేగి. సముద్రగుప్తుడి అలహాబాదు శాసనంలో కనిపించే వేంగి రాజు హస్తివర్మ ఈ వంశం వాడే. సంక్రాంతీ అసలు ఉత్తరాయణమూ దాదాపు ఒకేసారి వచ్చిన కాలానికి వీళ్లు ఎంతో దూరం కాదు.

తర్వాత తూర్పు చాళుక్యులు వచ్చారు. పేర్లు చూస్తే విజయాదిత్యుడు, విక్రమాదిత్యుడు, చాలామంది ఆదిత్యులే. వంశం మాత్రం చంద్రవంశం అన్నారు. తికమకగా ఉంటుంది గానీ ఇది రెండు వేర్వేరు కాలాల పని. తొలి శాసనాల్లో వాళ్లు మానవ్య గోత్రీకులం, హారీతీపుత్రులం అని మాత్రమే చెప్పుకున్నారు. చంద్రుడి దాకా వంశవృక్షం 11వ శతాబ్దంలో గట్టిగా కనిపిస్తుంది. అప్పటికి రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఉన్నాడు, 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. తల్లి కుందవ్వ చోళ రాజరాజు కూతురు, భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుడి కూతురు. చోళులు సూర్యవంశం అని చెప్పుకునేవాళ్లు. అంత పెద్ద సూర్యవంశపు వియ్యంకుల పక్కన నిలబడాలంటే అంతకు తగ్గ వంశం మనకీ ఉండాలి కదా. నా అభిప్రాయంలో చంద్రవంశం మీద ఆయన పట్టుదలకి ఇదొక కారణం. నన్నయ చేత భారతం తెలుగు చేయించడానికి ఆయన చెప్పిన కారణాల్లోనూ అది ఉంది: పాండవులు తన వంశకర్తలు, వాళ్ల చరిత్ర వినాలని. తెలుగు ఆదికావ్యం వెనక సూర్యచంద్రుల ఈ పోటీ కొంత ఉందంటే అబద్ధం కాదు.

ఆ భారత రచనలో నన్నయకి తోడుపడిన నారాయణభట్టుకి రాజు అగ్రహారం ఇచ్చాడు. ఆ దానశాసనంలో చాళుక్య వంశం చంద్రుడి నుంచే మొదలవుతుంది. ఇచ్చిన ఊరు నందంపూడి. మొదట్లో నేను బండి ఆపిన రోడ్డు వెళ్లేది ఆ ఊరికే.

రాజరాజ నరేంద్రుడి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. తండ్రి వైపు చంద్రవంశం, తల్లి వైపు సూర్యవంశం. నిజానికి పురాణంలో ఈ రెండు వంశాలు మొదట్లోనే కలిశాయి. సూర్యుడి కొడుకు మనువు, మనువు కూతురు ఇల, ఆమెని పెళ్లాడినవాడు చంద్రుడి కొడుకు బుధుడు. వాళ్ల కొడుకు పురూరవుడితో చంద్రవంశం నడిచింది. అంటే చంద్రవంశానికి అమ్మమ్మ గారి ఇల్లు సూర్యుడిదే.

రాజుల సంగతి అలా ఉంచితే, ఇక్కడికి దగ్గర్లోనే సూర్యుడి కథలో ఇంకొకటి జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నాల మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో కాచుకు కూర్చున్నారు. బింబం మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాల్లో అంచున ఎగసే మంటల వెలుగుని విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతకి దగ్గరగా ఉంది గానీ సరిగ్గా అక్కడ లేదు. జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే ఆ మంటల్ని చూడగలిగాడు. కొన్ని వారాలకు ఇంగ్లండ్‌లో లాక్యర్ కూడా ఆ గీతని పట్టుకుని, ఇది భూమ్మీద ఎవరూ ఎరగని మూలకం అన్నాడు. పేరు హీలియోస్ నుంచి తీసి హీలియం అని పెట్టారు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలో దాన్ని వేరు చేసేదాకా, 27 ఏళ్ల పాటు, అది భూమ్మీద ఉందని రుజువు కాలేదు.